జర్క్‌కు అర్థాలు

హైదరాబాద్, సుల్తాన్ బజార్
1943 ఫిబ్రవరి 8

చెల్లె రాధాబాయికి నీ అన్న దత్తాత్రి దీవెనలు.

మీరంతా బాగున్నారని అనుకుంటాను. బావకు యుద్ధం తెచ్చిన ఈ నూలు కంట్రోలు తలనొప్పి కొంతైనా తగ్గిందా? మీ అత్తమ్మ భారతమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు. నా మేనకోడలు విమలకు తొమ్మిదేళ్లు నిండినా జడ ఇంకా నువ్వే వేస్తున్నావని విన్నాను. దాని జుట్టు మీద నీకెందుకంత మక్కువో నాకు తెలుసు. చిన్నప్పుడు నీకు లేదు కదా.

సంగతేమిటంటే, మా నిఘంటువు జె అక్షరానికి చేరింది. మధుసూదన్ రావు గారి పట్టుదల నీకు చెప్పే ఉన్నాను. మున్సిఫ్‌గా రిటైరైనా ఆయనకు కోర్టు అలవాటు పోలేదు, ప్రతి మాటకూ సాక్షి కావాలంటారు. ఇంగ్లీషు మాటకు తెలుగులో ఏమంటారో జనం నోట విన్న వాక్యం ఉంటేనే చీటీ మీదకు ఎక్కిస్తారు. నేను సొంతంగా అల్లి తీసుకెళ్తే చించేస్తారు. అందుకే సిద్దిపేటలో నాకున్న చెవి నువ్వు.

ఈసారి మాట జర్క్. ఉన్నట్టుండి ఒక్కసారిగా జరిగే కదలిక అన్నమాట. లాగినా, విసిరినా, మన ప్రమేయం లేకుండా ఒళ్లు దానంతటది కదిలినా ఆ మాట చెల్లుతుంది. నేను 'కుదుపు' అని రాసి తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "గిదొక్కటేనా దత్తాత్రీ? బండిది సరే. మనిషిది ఏంది? చేతిది ఏంది? నిద్రల ఉలికేది ఏంది?" అన్నారు.

కాబట్టి నీ పనుల మధ్యలో ఒక చెవి ఇటు వేసి ఉంచు. మీ ఇంట్లో, వాకిట్లో, బావ దుకాణంలో ఎవరేమన్నా ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. మెరుగులు దిద్దకు.

నీ అన్న,
దత్తాత్రి

*

సిద్దిపేట
ఫిబ్రవరి 19

అన్నకు రాధ నమస్కారాలు.

నాకు జుట్టు లేదన్నది అబద్ధం. నువ్వు జడ పట్టి గుంజకపోతే ఇంకా ఉండేది. ఇదిగో నీ మొదటి సాక్ష్యం, గుంజడం. రాసుకో.

మీ ఇంగ్లీషువాళ్లు పాపం మాటలకు బాగా పేదవాళ్లలాగున్నారు. ఇన్ని రకాల కదలికలకూ ఒక్క మాటతో ఎలా సరిపెట్టుకుంటారు? నూలు మూటలు తెచ్చే బండి మలుపులో రాయెక్కబోతే బండి దుర్గయ్య, "జర పట్టుకోన్రి, కుదుపుతది" అన్నాడు. అత్తమ్మ చేతి మీద తేలు పిల్ల ఎక్కితే, "ఇదిలిచ్చి కొట్టిన, గోడకు పడ్డది" అని వాడకట్టంతా చెప్పుకుంది. చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని పోవడం "గుంజుకున్నది". నిద్రలో పిల్ల ఒళ్లు అదిరితే నేను "ఉలికిపడ్డది" అంటాను, అత్తమ్మ "జడుసుకున్నది" అంటుంది. భయముంటేనే జడుసుకోవడమని నా వాదన. మీ మున్సిఫు గారిని తీర్పు చెప్పమను.

ఇంకొకటి నీ మేనకోడలిది. నిన్న పొద్దున పాల గిన్నె అందుకోమన్నాను. అందుకుంది, ఆ వెంటనే చెయ్యి విసిరింది, పాలన్నీ గచ్చు మీద పారాయి. "ఎందుకే ఇసిరినవ్?" అని అడిగితే, "నేను ఇసరలే అమ్మా, చెయ్యే ఎగిరింది" అంది. చెయ్యి తనంతట తనే ఎగురుతుందట. అత్తమ్మ నవ్వి, "అన్నీ మేనమామ తెలివితేటలే" అంది. 'ఎగరడం' కూడా రాసుకుంటావా?

దీపావళి తర్వాత దానికొచ్చిన జ్వరం, మోకాళ్ల నొప్పులు తగ్గాయి గానీ పిల్లకు మంకుతనం ఎక్కువైంది. పని చెబితే చాలు మొహం వంకరగా పెడుతుంది.

చివరగా ఒక మాట. నాకిప్పుడు మూడో నెల. అత్తమ్మకు, మీ బావకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రాధ

*

హైదరాబాద్
మార్చి 2

చెల్లె రాధకు,

నీ ఉత్తరంలో చివరి మాట ముందు చదివి, మిగతాది తర్వాత చదివాను. నాకు ఎంత సంతోషమైందో రాయలేను. మూటలు ఎత్తకు, బావి దగ్గరికి పోకు.

విమల అన్న మాట విని రావు గారు కుర్చీలోంచి లేచారు. "చెయ్యే ఎగిరింది. గిదీ సాక్ష్యమంటే" అని మూడు చీటీల మీద రాయించారు. నువ్వడిగిన తీర్పు కూడా చెప్పారు, ఉలకడం ఒంటిది, జడుసుకోవడం మనసుది. నువ్వు గెలిచావు, అత్తమ్మ గారికి చెప్పకు.

ఈ మాట పుట్టుక కోసం పాత పుస్తకాలన్నీ తిరగేశాను. తమాషాగా ఉంది. మొదట్లో దీనికి కొరడా దెబ్బ అని అర్థమట. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ దేశంలో ఎవరినైనా జర్క్ చేశారంటే కొట్టారని. దానికంటే ముందు దీనికి అన్నలాంటి మాట ఇంకొకటి ఉండేది. చెప్పులు కుట్టేవాడు కుట్టు బిగియడానికి దారాన్ని ఒక్కసారి గుంజుతాడు చూడు, దాన్ని ఆ మాటతో అనేవారట. దారం గుంజడం నుంచి కొరడాకు, కొరడా నుంచి ఉత్త కదలికకు వచ్చిందని పండితులు ఊహిస్తారు. గట్టి రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు, చప్పుడును బట్టి పుట్టిందనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఎండబెట్టిన మాంసాన్ని కూడా ఇలాగే పిలుస్తారు గానీ అది వేరే దేశపు మాట, పలకడంలో వచ్చి దీనితో కలిసిపోయింది. డాక్టర్లు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు లేస్తుంది కదా, దానికీ ఇదే పేరు. బుద్ధిలేనివాణ్ణి కూడా ఈమధ్య అమెరికావాళ్లు ఈ మాటతోనే తిడతారట.

ఉన్న అర్థాల్లో ఒక్కటి వదిలినా అబద్ధమాడినట్టేనని రావు గారంటారు. అందుకని అన్నీ రాస్తున్నాం. విమల ఏమేం విసురుతోందో, ఎట్లా విసురుతోందో వివరంగా రాయి. ఇక్కడ మేమంతా నవ్వుకుంటూ చదువుతున్నాం. పిల్లను మాత్రం తిట్టకు.

దత్తాత్రి

*

సిద్దిపేట
మార్చి 24

అన్నకు రాధ నమస్కారాలు.

నీకు మాటలు దొరుకుతున్నాయి, మా ఇంట్లో గిన్నెలకు సొట్టలు పడుతున్నాయి. నువ్వు నవ్వుకుంటున్నావు, నాకు నవ్వు రావడం మానేసింది.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కండెలు చుట్టమని కూర్చోబెడితే రెండు చుట్లకోసారి చెయ్యి గుంజి దారం తెంపుతుంది. నూలు బంగారమైపోయిన ఈ రోజుల్లో మీ బావ తెగిన పోగులు ఒక్కొక్కటే ఏరి ముడేస్తూ కూర్చుంటాడు. ఊరికే కూర్చున్నప్పుడు భుజం ఎగరేస్తుంది. నడుస్తూ నడుస్తూ కాలు పక్కకు వేస్తుంది. బడిలో పలక మీద అక్షరాలు గీతలు దాటిపోతున్నాయని, పంతులు ఏమన్నా అంటే మొహం వెక్కిరింపుగా పెడుతోందని ఇంటికి పంపించేశారు. కంట్రోలు ఇన్‌స్పెక్టరు దుకాణానికి వచ్చి ఉండగా ఆయన మొహం మీదే నాలుక బయటపెట్టి లోపలికి లాక్కుందట. మీ బావ తల ఎత్తలేకపోయాడు.

అడిగితే ఒకటే మాట, "నేను చేస్తలేనమ్మా." తర్వాత ఏడుపు. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నవ్వు. నిద్రపోతే మాత్రం ఒక్క వేలు కదలదు. అత్తమ్మ అది కనిపెట్టింది. "నిద్రల సక్కగుంటది, లేస్తే గీ చేష్టలు. రోగమైతే నిద్రల ఉండదా? కావాలని చేస్తున్నది పిల్ల" అంది. ఆ మాట నాకూ సబబే అనిపించింది. కడుపుతో ఉన్నానని, తమ్ముడో చెల్లెలో వస్తే తనను ఎవరూ చూడరని ఇట్లా చేస్తోందేమోనని అనుకున్నాను.

మంకు వదిలించడానికి ఏం చేయాలో అది చేశాను. ఆ సంగతి నీకు రాయను. నువ్వు మేనమామవు, ఊరుకోవు.

రాధ

*

హైదరాబాద్
ఏప్రిల్ 3

రాధా,

ఈ ఉత్తరం అందగానే విమలను మంచం మీద పడుకోబెట్టు. తర్వాత మిగతాది చదువు.

రావు గారి ఇంటికి అప్పుడప్పుడు డాక్టర్ సామ్యూల్ అని ఒకాయన వస్తారు. మెదక్ వైపు మనిషే. నిన్న భోజనాల దగ్గర అందరినీ నవ్విద్దామని విమల సంగతులు చెప్పాను. ఇన్‌స్పెక్టరు ముందు నాలుక బయటపెట్టిందని చెబితే అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి, "పిల్లకు ఎన్నేండ్లు? మొన్న చలికాలంల జ్వరమొచ్చిందా? కీళ్లు నొచ్చినయా?" అని అడిగారు. అవునన్నాను. "నిద్రల ఆగిపోతున్నదా?" అన్నారు. అదీ అవునన్నాను. "మరి గది మంకు ఎట్లైతదయ్యా, జబ్బు గది. పిల్ల చెప్పేది నిజమే, చెయ్యి అదే ఎగురుతది" అన్నారు.

ఇది ఆ కీళ్ల జ్వరం తర్వాత కొందరు పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు వస్తుందట. డాక్టర్లు దీనికి నాట్యమనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మొహం వంకరపోవడం, నాలుక, ఏడుపు, నవ్వు, అన్నీ ఇందులోవే. నిద్రలో ఆగిపోవడమే దీని గుర్తట. పిల్ల తప్పు ఒక్కటీ లేదు.

చేయవలసింది ఇది. పూర్తిగా మంచం మీదే ఉండాలి. ఏ పనీ చెప్పవద్దు, బడి వద్దు, పరుగు వద్దు, ఎవరూ కోప్పడవద్దు. ఇక్కడికి తీసుకొద్దామంటే బొగ్గు గ్యాసు బస్సులో ఆ కుదుపులకు పిల్ల తట్టుకోదని ఆయనే వద్దన్నారు. మందు పొట్లాలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఎగరడం ఆగేదాకా ఇలాగే ఉంచు, నెలలు పట్టినా సరే. తప్పక ఆగుతుందన్నారు.

డాక్టరు గారు ఇంకొకటి కూడా చెప్పారు గానీ, అది నేను దసరాకు వచ్చినప్పుడు నోటితో చెబుతాను. కంగారు పడవలసిందేమీ కాదు. నీకిప్పుడు అయిదో నెల. నువ్వు నిమ్మళంగా ఉండటం ముఖ్యం.

దత్తాత్రి

*

సిద్దిపేట
ఏప్రిల్ 12

అన్నా,

నేను దాన్ని కొట్టాను.

పోయినసారి రాయనన్నది ఇదే. చింత బరికెతో కాళ్ల మీద, చేతుల మీద కొట్టాను. కొడుతుంటే చెయ్యి ఎగిరింది, ఎగిరిందని మళ్లీ కొట్టాను. "ఆపుతనమ్మా, ఆపుతనమ్మా" అని రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని నిలబడింది. రెండూ కలిసి ఎగిరాయి. అది చూసి కూడా నాకు తెలియలేదు. నీ ఇంగ్లీషు మాట పాత అర్థమైన దెబ్బతో కొత్త అర్థాన్ని బాగు చేద్దామనుకున్నాను, నాకంటే మొండిది ఎవరుంటారు?

నీ ఉత్తరం పైకి చదువుతుంటే నాకు సగంలోనే కళ్లు కనబడలేదు, మిగతాది మీ బావ చదివి వినిపించాడు. విమల పక్కనే ఉండి అంతా విన్నది. విని, "నేను చెప్పిన కదమ్మా" అంది, అంతే. కోపం లేదు దానికి. నామీద ఒక్క రోజైనా అలిగితే నాకు కాస్త తేలికయ్యేది.

మంచం నడవలో వేశాం. అన్నం నేనే తినిపిస్తున్నాను, చెంచా పళ్లకు తగిలి దెబ్బ తగులుతుందని చేత్తోనే పెడుతున్నాను. చుట్టూ బొంతలు మడిచి పెట్టాను. నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు అత్తమ్మ స్నానం చేసి పోచమ్మ గుడికి పోయి మొక్కుకుని వచ్చింది. "పిల్ల చెయ్యి నిలువనియ్యి తల్లీ, నిలిస్తే దాని నెత్తి మీదనే నీకు బోనమెత్తిస్త" అని మొక్కుకుందట. చెప్పి ఏడ్చింది. ఆమెకు ఆ పిల్ల అంటే ఎంత ప్రాణమో నాకిప్పుడే తెలిసింది.

డాక్టరు గారు చెప్పిన ఇంకో మాట ఏమిటి? దసరా దాకా ఎందుకు? ఉత్తరంలో రాయి. నేను తట్టుకుంటాను.

రాధ

*

హైదరాబాద్
ఏప్రిల్ 25

చెల్లె రాధకు,

నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. నేను నవ్వాను, నువ్వు కొట్టావు, ఇద్దరికీ తెలియకే. నువ్వు కొట్టడానికి కాస్త ముందు నేను 'వివరంగా రాయి' అని సంబరపడ్డాను. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

నువ్వడిగిన మాట ఏమీ లేదు, పథ్యం గురించి. వేళకు పాలు ఇవ్వు, పుల్లటివి తగ్గించు. దాని గురించి మనసు పాడుచేసుకోకు.

విమలకు ఒక బొమ్మల పుస్తకం పంపుతున్నాను. పేజీలు నువ్వే తిప్పు. జర్క్ చీటీలను రావు గారు తీసి పక్కన పెట్టించారు. "పిల్ల లేచి తిరిగినంక రాద్దాం తీ" అన్నారు. మేమిప్పుడు కె లో ఉన్నాం.

దత్తాత్రి

*

(కార్డు)
సిద్దిపేట, జూన్ 9

అన్నకు, విమలకు చాలా నయం. భుజం ఎగరడం పూర్తిగా ఆగింది, కాలు కూడా. కుడి చెయ్యి ఒక్కటే అప్పుడప్పుడు. నిన్న తనే అన్నం కలుపుకుని తిన్నది, పక్కన మెతుకు పడలేదు. నాకు ఏడో నెల, బాగున్నాను. పూర్తిగా ఆగాక లేపవచ్చు కదా? పిల్ల మంచం మీద విసుగెత్తిపోతోంది. రాధ.

*

హైదరాబాద్
జూన్ 17

రాధకు,

నీ కార్డు రావు గారికి చదివి వినిపించాను. ముసలాయన కళ్లు తుడుచుకున్నారు. డాక్టర్ సామ్యూల్ గారు రెండు నెలలు మద్రాసు వైపు పోయారు, లేకుంటే ఆయనకూ చూపించేవాణ్ణి.

లేపవచ్చు, కానీ తొందరపడకు. ఒక్కసారిగా వద్దు, మెల్లమెల్లగా. ఆగిన తర్వాత కూడా కొన్నాళ్లు పడుకోనిస్తే మంచిది. ఎందుకని అడగకు, పిల్ల నీరసంగా ఉంటుంది కదా అని.

దత్తాత్రి

*

సిద్దిపేట
జూలై 20

అన్నకు రాధ నమస్కారాలు.

ఎంత సంతోషంతో రాస్తున్నానో నా అక్షరాలు చూస్తేనే నీకు తెలియాలి. విమల చెయ్యి నిలిచింది. నిన్న అత్తమ్మ పరీక్ష పెట్టింది. అంచు దాకా నీళ్లు పోసిన చెంబు దాని చేతికిచ్చి నడవ ఈ చివర నుంచి ఆ చివరకు నడవమంది. నడిచింది. నేలంతా తడిమి చూశాం, చుక్క పడలేదు. అత్తమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని "నా తల్లే, నా బంగారమే" అని తల నిమురుతూనే ఉంది. మీ బావ దుకాణం మూసి వచ్చి, నవ్వితే ఎక్కడ ఏడుస్తాడోనని వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

నువ్వన్నట్టే తొందరపడలేదు. ఆగిన తర్వాత రెండు వారాలు పడుకోబెట్టాను. ఇప్పుడు ఇంట్లో తిరుగుతోంది. కాస్త నడిస్తే ఆయాసపడుతుంది, ఇన్నాళ్లు మంచం మీద ఉంది కదా, కాళ్లకు సత్తువ రావాలి.

ఈ ఆదివారం ఆషాఢ బోనాలు. మొక్కు తీర్చుకోకుండా ఉంచితే మళ్లీ వస్తుందేమోనని అత్తమ్మకు భయం. నాకూ భయమే. అందుకని దాని నెత్తి మీదనే బోనమెత్తిస్తున్నాం. ఎర్ర లంగా కుట్టించాం. నైవేద్యం కుండకు సున్నం పూసి, పసుపు బొట్లు పెట్టి, వేపాకు కట్టే పని అంతా అత్తమ్మదే. గుడి ఊరి చివర కదా, పిల్ల అంత దూరం నడుస్తుందా అంటే, "అమ్మ నడిపిస్తది" అంది.

కింద ఉన్నది దాని చేతిరాత. నేను పట్టుకోలేదు.

*మామా దండం. నా చెయ్యి ఎగురుతలేదు. నా అచ్చరాలు సక్కగున్నయా. నువ్వు రా. విమల.*

చూశావా, ఒక్క గీత కూడా వంకర లేదు. వీలైతే ఆదివారానికి రా అన్నా.

రాధ

*

హైదరాబాద్
జూలై 26, సోమవారం

రాధా,

వర్షాలకు ఆగి ఆగి నీ ఉత్తరం ఈ పొద్దున చేరింది. ఆదివారం నిన్ననే అయిపోయింది. వాన వల్ల బోనాలు ఆగి ఉండాలని, విమల ఇంట్లోనే ఉండి ఉండాలని దేవుణ్ణి వేడుకుంటూ రాస్తున్నాను. పోయి ఉంటే, ఇది చదవగానే పడుకోబెట్టు. లేవనివ్వకు, మంచం దిగనివ్వకు.

పథ్యం గురించి అని నీకు అబద్ధం రాశాను. డాక్టరు గారు చెప్పిన రెండో మాట పథ్యం కాదు, గుండె. ఆ కీళ్ల జ్వరం గుండెను కూడా పట్టుకుంటుందట. చేతులు ఎగరడం పైకి కనిపించేది, అది దానంతటదే పోతుంది. లోపలిది కనిపించదు. "ఎగురుడు ఆగింది గదా అని లేపొద్దు. అటెన్క కూడా ఇంకో ఆరు నెలలు పండనియ్యాలె. దమ్మొస్తె, గదే ఆయాసమొస్తె, పైలం. గిదే అసలు మాట, తప్పకుండ రాయి" అన్నారు. నేను రాయలేదు.

ఎందుకో నీకు తెలుసు. మన బాపు పోయిన వార్త నేను ఒక్క ముక్కలో కార్డు మీద రాసి పడేశాను. అది చదివి నువ్వు నట్టింట్లో పడిపోయావు, కడుపు పోయింది. ఆ తర్వాత ఇన్నేళ్లకు మళ్లీ కడుపు పండింది. బిడ్డ గుండె చెడిందని మళ్లీ నేనే, మళ్లీ ఉత్తరంలో ఎట్లా రాయాలి? ఆగేదాకా పడుకోబెట్టమంటే చాలు, ఈలోపు నువ్వు పురుడు పోసుకుంటావు, దసరాకు వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పవచ్చు అనుకున్నాను. జూన్‌లో నీ కార్డు వచ్చినప్పుడు రాయబోయి మళ్లీ ఆగాను. ఒక్క అర్థం వదిలినా అబద్ధమేనని నీకు రాసినవాణ్ణి నేనే.

సామ్యూల్ గారు తిరిగి వచ్చారు. ఎల్లుండి బస్సుకు ఇద్దరం బయలుదేరి వస్తున్నాం. పిల్లకు ఏమీ కాలేదని మీ గడపలోనే చెప్పు. తర్వాత నన్ను ఏమన్నా పడతాను.

దత్తాత్రి

*

సిద్దిపేట
ఆగస్టు 11

దత్తాత్రి అన్నకు,

నీ ఉత్తరం మొన్న చేరింది. నువ్వు వాగు దగ్గర బస్సు దిగి నీళ్లు దాటి నడిచి వచ్చావు, తపాలా సంచి మాత్రం ప్రజ్ఞాపూర్‌లోనే ఉండిపోయిందట. అది నాకు అందలేదని గడపలో నా మొహం చూడగానే నీకు తెలిసి ఉంటుంది. ఉన్నన్నాళ్లూ అరుగు మీదే కూర్చున్నావు. రెండుసార్లు నా దగ్గరికి వచ్చి ఏదో అనబోయి మళ్లీ పోయి కూర్చున్నావు. దుఃఖంతో మాట రావడం లేదనుకుని నేనే నిన్ను ఓదార్చాను. సామ్యూల్ గారు నాకు దండం పెట్టి తలవంచుకుని నిలబడితే, పరాయి మనిషికి ఇంత జాలి ఏమిటా అనుకున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో నీకు ఊళ్లోవాళ్లు చెప్పి ఉంటారు, నేను చెప్పలేదు. వాన తెరిపిచ్చి ఎండ కాసింది. పిల్ల బోనమెత్తుకుని డప్పుల ముందు గుడి దాకా నడిచింది. మధ్యలో అత్తమ్మ "దించనా బిడ్డా?" అంటే వద్దంది. కుండ మీద దీపం ఆరలేదు. అందరూ దాన్నే చూశారు. ఇంటికి వచ్చి గడప మీద కూర్చుని నీళ్లడిగింది. పెదాలు నల్లబడ్డాయి. ఎండకేమోననుకున్నాను. గ్లాసు తనే పట్టుకుని తాగి, "తొణకలేదు గదమ్మా" అంది. తర్వాత నా ఒళ్లో తల పెట్టుకుని ఆయాసపడింది. మీ బావ దవాఖానకు పరుగెత్తాడు. ఆయన తిరిగి వచ్చేసరికి అయిపోయింది. చెయ్యి మాత్రం ఆఖరుదాకా నిలకడగానే ఉంది అన్నా.

నీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. నీ ప్రేమ నాకు తెలుసు, అందుకే కోపం ఇంకా ఎక్కువగా ఉంది. నువ్వు రాసి ఉంటే నేను ఏడ్చేదాన్ని. కడుపు పోయేదేమో, పోకపోయేదేమో. కానీ పిల్లను మంచం దిగనిచ్చేదాన్ని కాదు. ఆ రెండింట్లో ఏది కావాలో నన్ను అడగవలసింది. నేను తట్టుకుంటానని రాశాను కదా. ఇప్పుడు ఇది తట్టుకుంటూనే ఉన్నాను కదా. కడుపులో బిడ్డ బాగానే ఉంది, గట్టిగా తన్నుతోంది. నువ్వు కాపాడాలనుకున్నది కాపాడావు. అది ఒక్కసారిగా కదిలినప్పుడల్లా నాకు భయమేసి పొట్ట పట్టుకుని కూర్చుంటున్నాను.

అత్తమ్మ సరిగా అన్నం తినడం లేదు. "నా మొక్కే మింగింది పిల్లను" అని గోడకు ఆనుకుని అంటూనే ఉంది. నీ ఉత్తరం ఆమెకు వినిపించాలా వద్దా అని రెండు రోజులుగా కొట్టుకుంటున్నాను. వినిపిస్తే ఆమె బరువు కొంత దిగుతుంది, అది నీ మీద పడుతుంది. ఈ ఇంట్లో నీ మొహం చూసేవాళ్లు ఉండరు. వినిపించకపోతే ఆ ముసలామె అలాగే పోతుంది. ప్రేమతో దాచడం ఎంత తేలికో ఇప్పుడు నాకూ తెలిసింది. రేపు పొద్దున ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను. నిన్ను అడిగి చేయడం లేదు, ముందుగా చెబుతున్నాను.

దసరాకు రావద్దు. మళ్లీ ఎప్పుడు రావాలో నేనే రాస్తాను.

ఒక్క సంగతి మిగిలింది. దాన్ని నేను ఒక్కదాన్నే మోయలేకున్నాను. బోనం రోజు పొద్దున ఎర్ర లంగా నాడా కడుతుంటే విమల నా చెయ్యి తీసుకుని తన ఎద మీద పెట్టుకుంది. "అమ్మా, చేతులు ఆగినయి గాని, గిప్పుడు గిక్కడ ఎగురుతున్నది" అంది. నిజంగానే నా అరచేతి కింద ఎగురుతోంది. కొత్త లంగా సంబరమే బిడ్డా అని నవ్వాను. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. పండుగ కాగానే నీకు రాద్దామని, నీ పుస్తకానికి పనికొస్తుందని, మరిచిపోకుండా మనసులో దాచి పెట్టుకున్నాను.

రాధ